కట్, కట్టు

పైవాటా కెజియా నోట్సు పట్టుకుని దిగింది.
కట్ అనే ఒక్క మాటకి
పది అర్థాలు, పది వాక్యాలు, రేపటికి.
"నీ చేతిలో ఎప్పుడూ కత్తెరేగా పిన్నీ,
నువ్వు చెప్పు" అంది.

నేను చదివింది అయిదు. అదీ సగం.
అయినా ఆ మాట నాకు రాకపోవడమేంటి?
వస్త్రలతలో కట్ పీసులు తూకానికి తెచ్చుకుని
పధ్నాలుగేళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను.
అదొకటి రాసుకో.
ప్రిన్సెస్ కట్ జాకెట్టుకి నూటయాభై ఎక్కువ.
సెంటర్లో బండి మీద కట్ మిర్చి,
రెండోసారి నూనెలో పడితేనే దానికి రుచి.
కాలవగట్టు మీంచి షార్ట్‌కట్‌లో పోతే
పైపుల రోడ్డు అయిదు నిమిషాలు.
ఫోను కట్ చేసేవాడు మా తమ్ముడు,
డబ్బు మాట వినపడగానే వాడికి సిగ్నలుండదు.
రెండు రోజులు పోకపోతే జీతంలో కట్,
అది మీ అమ్మనడుగు.

"ఆరు" అంది వేళ్ళు మడిచి.
అప్పుడే కరెంటు పోయింది.
"ఏడు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

చీకట్లో, సెల్లు లైటు కింద,
అసలు సంగతి చెప్పింది.
కిందటివారం రాసిందట,
మా తాతయ్య ఇల్లు కట్ చేశాడు అని.
టీచరు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టి
క్లాసంతా వినేలా చదివిందట.
"కట్టడమంటే కట్టే కదా పిన్నీ?"

నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.
చప్పుడు ఒకటే.
వాళ్ళ నోట్లో తెగుతుంది,
మన నోట్లో ముడిపడుతుంది.
చీర కడతాం, పూలు కడతాం, పాడె కడతాం,
గోడ కడతాం, పందెం కడతాం,
దెబ్బకి పసుపు పెట్టి పాతగుడ్డ కడతాం.
నెలాఖరుకి బిల్లు కట్టకపోతే
లైన్‌మాన్ వచ్చి కట్ చేస్తాడు.
ఆ ఒక్క గుమ్మంలో
రెండు భాషలూ ఎదురుపడి
మొహాలు చూసుకుంటాయి.

నాంచారమ్మ సంగతి ఈ పిల్లకి చెప్పాలా?
ఒకే షాపు, రెండు మిషన్లు,
ఒక టీ, రెండు గ్లాసులు.
చీటీ పాడుకుని తొమ్మిది నెలలు కట్టలేదు.
హామీ సంతకం నాది. కట్టింది నేను.
ఆ రోజునుంచీ కటీఫ్.
చిన్నపిల్లల మాటే.
నలభై దాటిన ఆడవాళ్ళం
మధ్యలో ప్లైవుడ్డు చెక్క కొట్టించుకుని
మూడేళ్ళు అలాగే కుట్టాం,
ఒకరి మిషను చప్పుడు ఒకరం వింటూ.

తర్వాత బుడమేరు కట్ట తెగింది.
సింగ్‌నగర్లో నీళ్ళు పెడలు దాటి, చక్రం దాటి,
నేను అటకెక్కి కూచున్నాను.
ఎవరెవరి పెళ్ళి జాకెట్లో కింద తేలుతున్నాయి.
రెండో పొద్దున వెంటిలేటరు ముందు
ఏదో ఊగింది. తాడనుకున్నాను.
కట్ పీసులు.
నెమలికంఠం రంగు, మామిడిపిందెలు, నల్ల పోల్కా,
ఒకదానికొకటి కట్టి, కొసన
నీళ్ళ సీసా, సగం బ్రెడ్డు.
డాబా మీంచి ఆమె గొంతు:
"ముళ్ళు గట్టిగా పడలేదు. మెల్లిగా లాక్కో."
మూడేళ్ళ తర్వాత మొదటి మాట అది.

చీటీ డబ్బులు ఇప్పటికీ కట్టలేదు.
నెలకోసారి అడుగుతూనే ఉంటాను.
ప్లైవుడ్డు మాత్రం నీళ్ళకి ఉబ్బి పొరలుగా విడిపోయింది.
మళ్ళీ కొట్టించలేదు.

"కటీఫ్ రాయొచ్చా పిన్నీ, ఎనిమిదోది?"
అది ఇంగ్లీషో కాదో నాకేం తెలుసు?
రాయి. కొడితే కొట్టనీ ఎర్రసిరాతో.

కరెంటొచ్చింది.
ఫ్యాను తిరిగి గుడ్డముక్కలన్నీ గదంతా లేచాయి.
కెజియా నోట్సు మూసి మెట్లెక్కబోతుంటే
అవతలి మిషను దగ్గర్నుంచి,
ఇంతసేపూ వింటున్నట్టే లేని నాంచారమ్మ,
కత్తెర ఒళ్ళోనే పెట్టుకుని
పళ్ళతో దారం పుటుక్కున తెంపి,
"మిగతా రెండూ పొద్దున్నే రా,
నే చెప్తా" అంది.